బొగ్గుల స్మోకర్ గ్రిల్: కొనేముందు గాలి దారి చూడండి

మాంసాన్ని పొగబెట్టి నెమ్మదిగా వండే బొగ్గుల స్మోకర్ గ్రిల్ కొనదలచినవారు ముందుగా దాని పరిమాణాన్ని, పూత నునుపును, పక్కన అమర్చిన బల్లను, చక్రాలను చూస్తారు. అమ్మేవారు కూడా వాటినే చూపిస్తారు. ఇలాంటి గ్రిల్‌ను ఇంట్లో చాలాకాలంగా వాడుతున్న అనుభవంతో చెప్పాలంటే, అన్నింటికంటే ముందు పరిశీలించవలసింది అందులోకి గాలి ఎక్కడినుంచి వస్తుంది, ఎటునుంచి పోతుంది, మనం మూసినప్పుడు నిజంగా ఆగుతుందా లేదా అన్నదే. వంట రుచి, బొగ్గు ఖర్చు, చివరికి నిప్పు ఆర్పడం కూడా చాలావరకు దీనిమీదే ఆధారపడి ఉంటాయి.

నా దగ్గరున్నది నిలువుగా, పీపా ఆకారంలో ఉండే రకం. అడుగున బొగ్గులు పోసే గిన్నె, అందులో బొగ్గులు చెదిరిపోకుండా ఆపే చిల్లుల వలయం, దానిపైన నీటి పళ్లెం, ఆపైన ఒకదానిమీద ఒకటిగా రెండు చువ్వల జాలీలు, అన్నింటిమీద గుమ్మటంలాంటి మూత ఉంటాయి. మాంసానికీ నిప్పుకూ మధ్య నీటి పళ్లెం అడ్డంగా ఉండటంవల్ల సెగ నేరుగా తగలదు. పైగా నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతూ కొంత కాకను తాను పీల్చుకుంటుంది కనుక లోపలి వేడి ఒక్కసారిగా ఎగబాకదు. అడుగు గిన్నెకు మూడు గాలి రంధ్రాలు, మూతకు ఒకటి ఉన్నాయి. ఉక్కు రేకుమీద వేసిన ఎనామిల్ పూత నాణ్యమైనదే; ఎండకూ వేడికీ రంగు మారలేదు. మూత అంచు గట్టుకు తగిలిన చోట మాత్రం పెచ్చు లేచి, అక్కడ తుప్పు పట్టింది.

నెమ్మదిగా పొగబెట్టి వండటానికి లోపలి వేడి సుమారు 107 నుంచి 135 డిగ్రీల మధ్య గంటల తరబడి నిలబడాలి. గ్యాసు పొయ్యికి ఉన్నట్టు దీనికి తిప్పే మీట ఏదీ లేదు. బొగ్గుకు అందే గాలి ఎంతో, వేడి అంత. అడుగు రంధ్రాలను కొద్దిగా మూస్తే ఆ ఫలితం కనిపించడానికి పదిహేను నిమిషాలైనా పడుతుంది; ఈలోగా తొందరపడి మళ్లీ తిప్పితే వేడి అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. చల్లబడిన నిప్పును పైకి తేవడం తేలిక, హద్దు దాటిన వేడిని కిందికి దించడం కష్టం. అందువల్ల కావలసిన వేడికి ఇంకా ఇరవై డిగ్రీలు తక్కువ ఉండగానే రంధ్రాలను మూయడం మొదలుపెట్టాలి. మూతమీది రంధ్రాన్ని మాత్రం వంట జరుగుతున్నంతసేపూ తెరిచే ఉంచడం మంచిది. పొగ లోపలే నిలిచిపోతే మాంసంమీద నల్లటి జిడ్డుపొర కట్టి చేదెక్కుతుంది.

ఇక్కడే నా గ్రిల్‌లోని పెద్ద లోపం బయటపడింది. బొగ్గులు, చెక్కముక్కలు మధ్యలో వేయడానికి నడుమ భాగంలో ఒక చిన్న రేకు తలుపు పెట్టారు. ఆ తలుపు వంపు, పీపా వంపు ఒకటి కాదు. చీకటి పడ్డాక లోపల టార్చిలైటు వెలిగించి తలుపు మూస్తే కుడివైపు అంచు పొడవునా సన్నటి వెలుగు గీత స్పష్టంగా కనిపిస్తుంది. వెలుగు వచ్చే దారిలో గాలి కూడా వస్తుంది కాబట్టి, అడుగు రంధ్రాలన్నీ మూసినా నిప్పు ఆరేది కాదు. మిగలవలసిన బొగ్గు తెల్లవారేసరికి బూడిదయ్యేది. రేకును చేత్తో కొద్దిగా వంచి, అంచులకు వేడిని తట్టుకుని సందు మూసే గాస్కెట్ పట్టీ అతికించాక ఆ బాధ తప్పింది. కానీ కొత్త వస్తువుకు కొన్నవారే ఈ పని చేసుకోవలసి రావడం తయారీదారుకు గౌరవం కాదు. కొనేచోట చీకటి దొరకకపోవచ్చు గానీ, తలుపు మూసి అంచు చుట్టూ పలుచని కాగితం దూర్చి చూడటానికి ఎవరూ అడ్డు చెప్పరు.

నిప్పు రాజేసే పద్ధతి కూడా గాలి లెక్కలోనిదే. బొగ్గులన్నింటినీ ఒకేసారి రాజేసి పోస్తే పొగవంట సాధ్యం కాదు. అది మండే కొలిమి అవుతుంది. వలయం నిండా రాజుకోని బొగ్గులు పోసి, చిమ్నీ స్టార్టర్‌లో (బొగ్గు రాజేసే గొట్టంలాంటి డబ్బాలో) విడిగా రాజేసిన కొద్దిపాటి నిప్పులను, వాటిమీద తెల్లగా నివురు కప్పిన తరువాత, పైన పరచాలి. నిప్పు పైనుంచి కిందికి నెమ్మదిగా పాకుతూ ఒక్కో బొగ్గునే అందుకుంటుంది. ఈ పద్ధతిలో మధ్యలో బొగ్గు వేయనక్కరలేకుండానే ఏడెనిమిది గంటలు గడిచిపోతాయి. రాజేయడానికి కిరోసిన్ వంటి ద్రవాలు వాడితే ఆ వాసన మాంసానికి పట్టి వదలదు. ఇక బొగ్గు విషయంలో, ఒకే పరిమాణంలో అచ్చువేసిన బ్రికెట్లు నిలకడగా కాలుతాయి కానీ బూడిద ఎక్కువ మిగులుస్తాయి. ముక్కల బొగ్గు త్వరగా రాజుకుని ఎక్కువ వేడినిస్తుంది, బూడిద తక్కువ, అయితే చిన్నా పెద్దా ముక్కలు కలిసి ఉండటంవల్ల వేడి సమంగా ఉండదు. పొగవంటకు బ్రికెట్లే నయమని నా అభిప్రాయం.

పొగ బొగ్గునుంచి కాదు, దానిమీద వేసే చెక్కముక్కలనుంచి రావాలి. బాగా ఎండిన, గట్టి రకం చెక్క కావాలి. పైన్ వంటి జిగురు కారే చెట్ల చెక్క, రంగు వేసినవి, ప్లైవుడ్ ముక్కలు పనికిరావు. చెక్కను నీళ్లలో నానబెట్టాలని చాలామంది చెబుతారు, కానీ దానివల్ల లాభం లేదు. ఆ నీరంతా ఆవిరైపోయేదాకా చెక్క వేడి 100 డిగ్రీలు దాటదు, అంతవరకు వచ్చేది చాలావరకు ఆవిరే. చెక్కకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్ వేడికి విడిపోయినప్పుడు పుట్టే గ్వాయకాల్, సిరింగాల్ అనే పదార్థాలే మనం పొగ రుచి, పొగ వాసన అనుకునేవి. మూత రంధ్రంలోంచి దట్టంగా తెల్లటి పొగ వస్తున్నంతసేపూ మాంసం పెట్టకూడదు. కళ్లు చిట్లించి చూస్తే తప్ప కనిపించని పలుచని నీలి పొగ మొదలయ్యాకే పెట్టాలి.

మూతమీద బిగించిన గడియారంలాంటి థర్మామీటర్‌ను నమ్మవద్దు. అది గుమ్మటం పైభాగంలోని వేడిని చూపిస్తుంది, మాంసం ఉండే జాలీ దగ్గరి వేడిని కాదు. రెండింటికీ ఇరవై డిగ్రీల వరకు తేడా రావడం నేను చూశాను. ఊడదీసి మరిగే నీటిలో ముంచితే, సముద్రమట్టానికి దగ్గరి ప్రదేశాల్లో 100 డిగ్రీలు చూపాలి. చూపకపోతే తప్పు ఎంతో తెలిసిపోతుంది. జాలీకి తగిలించే ఒక ప్రోబ్ (వేడిని కొలిచే సూది), మాంసంలో గుచ్చే మరొక ప్రోబ్ ఉన్న డిజిటల్ థర్మామీటర్ విడిగా కొనక తప్పదు. ఆ ఖర్చును కూడా గ్రిల్ ఖర్చులోనే లెక్కవేసుకోవాలి.

ఈ రెండు ప్రోబ్‌ల థర్మామీటర్ లేకపోతే పెద్ద మాంసపు ముక్క వండేటప్పుడు కంగారు పడతాం. మాంసం లోపలి వేడి 65, 70 డిగ్రీల ప్రాంతానికి చేరాక గంటల తరబడి అక్కడే ఆగిపోతుంది. నిప్పు ఆరిపోలేదు, మాంసం ఉపరితలంనుంచి తేమ ఆవిరవుతూ, చెమట పట్టిన ఒంటిని గాలి చల్లబరచినట్టు, మాంసాన్ని చల్లబరుస్తుంటుంది. ఓపిక పట్టడమో, మందపాటి రేకు కాగితంలో చుట్టడమో చేస్తే వేడి మళ్లీ పెరుగుతుంది. గట్టి కండ భాగాలను పట్టి ఉంచే కొలాజెన్ కరిగి జెలటిన్‌గా మారి, వేలితో విడదీస్తే విడిపోయేంత మెత్తబడటానికి 90 నుంచి 96 డిగ్రీలకు చేరాలి. కోడిమాంసానికి 74 డిగ్రీలు చాలు, అయితే తక్కువ వేడిలో దాని చర్మం రబ్బరులా సాగుతుంది కనుక నీటి పళ్లెం తీసేసి ఎక్కువ వేడిమీద వండాలి. కోసినప్పుడు అంచున కనిపించే గులాబీ రంగు పట్టీని చూసి పచ్చిగా ఉందని భ్రమపడనవసరం లేదు. నిప్పునుంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ మాంసానికి ఎర్రరంగునిచ్చే మయోగ్లోబిన్‌తో కలిసి ఏర్పడే రంగు అది.

నడుమ భాగం తీసేస్తే ఇది మామూలు గ్రిల్‌గా కూడా పనిచేస్తుందని ప్రకటనలో ఉంది. పనిచేస్తుంది గానీ, మోకాళ్ల ఎత్తులో వంగి తిప్పుతూ ఉండాలి, జాలీ ఎత్తు మార్చే వీలు లేదు. నిప్పులమీద కాల్చడమే ముఖ్యమైన వారికి ఇది సరైన ఎంపిక కాదు.

శుభ్రం చేయడం మాత్రం విసుగు పుట్టిస్తుంది. బూడిద తీయాలంటే పైభాగాలన్నీ ఒక్కొక్కటిగా దించి, అడుగు గిన్నెను ఎత్తి బోర్లించాలి. విడిగా లాగే బూడిద పళ్లెం ఇవ్వలేదు. తీయకుండా వదిలేద్దామంటే, బూడిదకు తేమ తగిలితే ఏర్పడే క్షారం రేకును తినేస్తుంది. పైకి చల్లగా కనిపించే బూడిదలో మరుసటి రోజు కూడా నిప్పు దాగి ఉండవచ్చు కాబట్టి దాన్ని మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయాలి, ప్లాస్టిక్ చెత్తబుట్టలో ఎన్నడూ వేయకూడదు. నీటి పళ్లెంలో గడ్డకట్టిన కొవ్వును గోకడం అంతకంటే చికాకు. వంటకు ముందే పళ్లేనికి రేకు కాగితం చుడితే ఆ పని సగానికి తగ్గుతుంది.

కాలే బొగ్గునుంచి రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. ఇంట్లో, గ్యారేజీలో, మూసిన బాల్కనీలో దీన్ని వెలిగించకూడదు, తలుపులు తెరిచి పెట్టినా సరే. వంట ముగిసి నిప్పు ఆర్పడానికి రంధ్రాలు మూసిన తరువాత కూడా బొగ్గు కాసేపు కాలుతూనే ఉంటుంది కనుక, వాన వస్తోందని అలాగే లోపలికి లాక్కురాకూడదు. ఆరుబయట నాలుగడుగుల ఖాళీ స్థలం, పొగకు అభ్యంతరం చెప్పని ఇరుగుపొరుగు లేనివారు దీని జోలికి పోకపోవడమే మేలు.

ఆ వసతి ఉండి, ఒక సెలవురోజంతా కనిపెట్టుకుని ఉండగలిగినవారికి ఈ రకం గ్రిల్‌ను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను, తలుపు బిగుతును స్వయంగా చూసుకుంటేనే సుమా. అలాగే బొగ్గులు ఆనే అడుగు జాలీ విడిగా దొరుకుతుందో లేదో కొనేముందే అడగండి. అన్నింటికంటే ఎక్కువ సెగ తగిలేది దానికే కనుక ముందుగా వంగి పాడయ్యేది అదే.