గాలి దిశ మారిందన్న చీటీ: విపత్తు నిర్వహణ పీజీ చదివిన ఏడేళ్ల తర్వాత

పారిశ్రామిక ప్రమాదాల నియంత్రణ, విపత్తు నిర్వహణ ముఖ్యాంశాలుగా ఉన్న రెండేళ్ల పీజీ కోర్సును నేను 2018లో పూర్తి చేశాను. సెమిస్టర్లు ఎన్ని, ఫీజు ఎంత, పేపర్లు ఏవి అన్నవి ప్రవేశాల కరపత్రంలోనే దొరుకుతాయి కనుక వాటి జోలికి పోను. ఏడేళ్లుగా విశాఖ తీరంలోని ఒక రసాయన కర్మాగారంలో భద్రతా విభాగంలో పనిచేస్తున్నాను. ఆ చదువులో ఏది పనికి వచ్చిందో, ఏది కాగితం మీదే మిగిలిపోయిందో అంతవరకే రాస్తాను. ఇందులో సగానికి పైగా ఒక తరగతిలో మా చేతికిచ్చిన చీటీల గురించే ఉంటుందని ముందే మనవి.

మూడో సెమిస్టరులో ప్రతి శనివారం టేబుల్‌టాప్ అభ్యాసం ఉండేది. అగ్నిమాపక శాఖలో పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన అతిథి అధ్యాపకులుగా వచ్చేవారు. బల్ల మీద కర్మాగారం పటం పరిచి, మాలో ఒకరిని సైట్ మెయిన్ కంట్రోలర్‌గా (అత్యవసర వేళ కర్మాగారం మొత్తానికీ బాధ్యుడు), ఒకరిని ఇన్సిడెంట్ కంట్రోలర్‌గా (ప్రమాదం జరిగిన చోట చర్యలు నడిపేవాడు), మరొకరిని కలెక్టరేట్ ప్రతినిధిగా కూర్చోబెట్టి, ఒక అట్టపెట్టెలోంచి పది నిమిషాలకొక చీటీ తీసి ఇచ్చేవారు. ఫైర్ పంపు స్టార్టు కాలేదని ఒక చీటీ, గేటు దగ్గర లారీ అడ్డంగా ఆగిపోయిందని ఇంకొకటి. ఒక శనివారం నాకు వచ్చిన చీటీలో "గాలి దిశ మారింది" అని మాత్రమే ఉంది. అప్పటికే నేను రెండు వందల మందిని అసెంబ్లీ పాయింటుకు, అంటే ప్రమాదమప్పుడు అందరూ చేరాల్సిన చోటుకు పంపేసి, హాజరు తీసుకుంటున్నానని గర్వంగా ప్రకటించి ఉన్నాను. ఆయన తన టీ గ్లాసును తెచ్చి పటం మీద సరిగ్గా ఆ పాయింటు మీద పెట్టి, "వీళ్లందరూ ఇప్పుడు గ్యాసులో ఉన్నారండీ" అని, టీ తాగడానికి గ్లాసు మళ్లీ తీసుకున్నారు. పటం మీద గ్లాసు అడుగు తడి గుండ్రంగా మిగిలింది.

ఈ కోర్సు ఎలా ఉంటుందని అడిగిన ప్రతి జూనియర్‌కూ మొదటి మూడేళ్లు నేను ఆ గ్లాసు కథే చెప్పి, కళ్లు మూసుకుని చేరిపొమ్మన్నాను. ప్లాంటులో ఎక్కడ ఏది తప్పితే ఏం ప్రమాదమో వరసగా వెతికే హజాప్ (HAZOP) పద్ధతి తరగతులు కూడా బాగానే ఉండేవి. చట్టాల పేపరు మాత్రం వట్టి బట్టీయమే. 1984 నాటి భోపాల్ తర్వాత ఫ్యాక్టరీల చట్టానికి 1987లో సవరణ వచ్చిందని, ప్రమాదకర రసాయనాల నియమాలు 1989లో వచ్చాయని సంవత్సరాలు అప్పజెప్పడమే తప్ప, ఆ నియమాల వెనుక ఏ రాత్రి ఏం జరిగిందో ఎవరూ విడమరచలేదు.

2022 జనవరిలో, సంక్రాంతికి సగం మంది సొంత ఊళ్లకు వెళ్లిపోయిన రోజుల్లో, మనుషులు చాలక నేనే రాత్రి డ్యూటీకి వచ్చాను. రెండున్నర ప్రాంతంలో చిల్లింగ్ (శీతలీకరణ) ప్లాంటులో ఒక వాల్వు గ్లాండు, అంటే వాల్వు కాడ చుట్టూ ఉండే సీలు దగ్గర అమ్మోనియా లీకైంది. అమ్మోనియా గాలికన్నా తేలిక కాబట్టి పైకి పోతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. చల్లటి ద్రవం ఒక్కసారిగా బయటపడి గాలిలోని తేమతో కలిస్తే తెల్లటి మంచులా నేలబారున పాకుతుందని ఆ రాత్రే కళ్లారా చూశాను. షిఫ్టు ఇన్‌ఛార్జి సైరన్ మోగించకుండా, అనుమతి కోసం మేనేజరు గారికి ఫోను చేస్తూ నిలబడ్డాడు. అతన్ని తప్పుపట్టడానికి లేదు. "సైట్ మెయిన్ కంట్రోలర్ ఆదేశంతో సైరన్ మోగించవలెను" అని మా ఆన్‌సైట్ అత్యవసర ప్రణాళికలో రాసింది నేనే. కోర్సులో ఇచ్చిన నమూనాలోంచి ఆ వాక్యాన్ని యథాతథంగా దించుకున్నాను. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గరి ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి వెలువడిన స్టైరీన్ అనే రసాయనం ఆవిరి పన్నెండు మందిని బలితీసుకున్నప్పుడు, ఉన్న సైరన్ మోగనే లేదని ప్రభుత్వ కమిటీ తేల్చింది. అది చదివి కూడా ఆ వాక్యాన్ని మార్చాలని నాకు తట్టలేదు.

చివరికి ఇన్‌ఛార్జి చేతిలో ఫోను ఉండగానే నేను సైరన్ నొక్కాను. జనం అలవాటు ప్రకారం తూర్పు గేటు వైపు, అంటే సముద్రం వైపున్న అసెంబ్లీ పాయింటుకు బయలుదేరారు. అప్పుడు శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక లోడింగ్ కూలీ నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు. "సార్, అటెల్లకండి. కూలింగ్ టవర్ ఆవిరి చూడండి, సముద్రం ఏపుకే పోతంది" అన్నాడు. తలెత్తి చూస్తే ఫ్లడ్‌లైటు వెలుగులో తెల్లటి ఆవిరి తూర్పుకే వంగి ఉంది. పగలు సముద్రం నుంచి నేల మీదికి వీచే గాలి, రాత్రి నేల నుంచి సముద్రానికి మళ్లుతుంది. తీరాన పుట్టిపెరిగిన నాకు ఇది తెలియని సంగతి కాదు. కానీ ఆరు నెలలకొకసారి చట్ట ప్రకారం చేసే మా మాక్ డ్రిల్లులన్నీ ఉదయం పదకొండు గంటలకే జరిగేవి. ఫొటోలు బాగా వస్తాయి కదా. గాలి దిశ చూపే గుడ్డ గొట్టం, విండ్‌సాక్, ఆఫీసు భవనం పైన ఉంది గాని దానికి దీపం లేదు. అందరినీ పడమటి గోడ వెంట నడిపించాం. కళ్లు మండి ఇద్దరు ఆసుపత్రికి వెళ్లి, మర్నాడు ఇంటికి వచ్చేశారు.

ఆ రాత్రి నన్ను ఆపింది కూలీ చెయ్యే అయినా, అతని మాట చెవిన పడగానే నాకు కనబడింది మాత్రం ఆ టీ గ్లాసు. అందుకే చీటీల తరగతి గొప్పదని ఇప్పటికీ అంటాను. అయితే దానికి ఒక లోటు ఉందని కూడా ఇప్పుడు ఒప్పుకోవాలి. గాలి మారిందని తరగతిలో చీటీ చెప్పేది. చీకట్లో, విండ్‌సాక్ కనబడనప్పుడు, ఆ మాట నీకు చెప్పేదెవరు అన్న ప్రశ్న ఒక్క శనివారం కూడా రాలేదు. ఆ బల్ల చుట్టూ కూర్చున్నది మేం పన్నెండు మంది విద్యార్థులమే. ఇంగ్లిషు స్లైడ్లు, ఇంగ్లిషు రిపోర్టులు. లోడింగ్ కూలీ పాత్ర ఎవరికీ ఇవ్వలేదు, ఇవ్వాలని మేమూ అడగలేదు.

ఉద్యోగం సంగతి కూడా ఒక మాట. చట్ట ప్రకారం సేఫ్టీ ఆఫీసరుగా చూపించాలంటే రాష్ట్రం గుర్తించిన పారిశ్రామిక భద్రతా డిప్లొమా ఉండాలన్నారు. నా పీజీ దానికి సరిపోక, ఉద్యోగం చేస్తూనే మరో ఏడాది ఆ డిప్లొమా చదివాను. ఈ విషయం ప్రవేశాలప్పుడు ఎవరూ చెప్పలేదన్న కోపం నాకు ఇంకా పోలేదు.

నేను కెమిస్ట్రీ డిగ్రీతో వచ్చాను, ఇల్లు విశాఖలోనే కనుక హాస్టలు ఖర్చు లేదు. ఆ లెక్కన నాకు ఈ చదువు గిట్టుబాటైంది. అప్పు చేసి, నేరుగా ఫ్యాక్టరీ ఉద్యోగం ఆశించి వచ్చేవారు మాత్రం ముందు డిప్లొమా సంగతి చూసుకోవడం మేలు. ఆ పెద్దాయన ఇప్పుడు రావడం లేదని, చీటీల అట్టపెట్టె మాత్రం డిపార్టుమెంటు బీరువాలోనే ఉందని జూనియర్లు చెబుతున్నారు. ఫీజు కట్టే ముందు, దాన్ని ఇంకా తెరుస్తున్నారో లేదో ఒకసారి అడిగి కనుక్కోండి.