ఎడారి లోయల్లో ప్యాక్‌రాఫ్ట్: తలా ఒకటా, ఇద్దరికి ఒకటా?

ప్యాక్‌రాఫ్ట్ అంటే గాలి తీసి, మడిచి వీపు సంచిలో మోసుకెళ్లగలిగే, గాలి నింపే చిన్న పడవ.

ఖర్చు: ఇద్దరికి ఒకటైతే తక్కువే.

బరువు: ఒకరి రాఫ్ట్ సుమారు 2 నుంచి 4 కిలోలు. ఇద్దరిది 4 నుంచి 6; ఒకరు రాఫ్ట్, ఇంకొకరు టెంటు, తెడ్లు మోస్తే భుజాలకు సుఖం.

లోతు: అసలు తేడా ఇక్కడే. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న ఎస్కలాంటే లాంటి నదిలో నీళ్లు చీలమండ దాకానే ఉన్నచోట ఇద్దరి రాఫ్ట్ అడుగు గులకరాళ్లకు రాసుకుంటుంది, దిగి లాగాల్సిందే. ఒకరిది చాలాసార్లు జారిపోతుంది.

చిల్లు: ముల్లు దిగితే ఒండ్రు కడిగి, ఆరబెట్టి, ఆల్కహాల్‌తో తుడిచాకే టేపు వేయాలి. ఒక్క ఇసుక రేణువు మిగిలినా అంచు లేస్తుంది. ఒకటే రాఫ్ట్ ఉంటే అంతసేపూ ఇద్దరూ ఒడ్డునే.

నడక ఎక్కువై, నది దాటడానికే ఐతే ఇద్దరిది చాలు. రోజుల తరబడి తెడ్డు వేయాలంటే, నీళ్లు తక్కువుంటే, తలా ఒకటి తీసుకెళ్లండి.