బొకే అని రాయాలా, బొకె అని రాయాలా?

ఆర్కే బీచ్‌లో రాత్రి తీసిన ఫొటోలో వెనకున్న దీపాలు గుండ్రంగా, మెత్తగా కరిగిపోతాయి. దాన్ని మనవాళ్లు కొందరు బొకే అని, కొందరు బొకె అని రాస్తున్నారు. నా ఓటు బొకెకే.

ఆ మాట జపాన్‌ది. అక్కడ రెండు అచ్చులూ హ్రస్వాలే. ఇంగ్లిష్ పాఠకులు 'బోక్' అని చదవకుండా 1997లో ఫొటో టెక్నిక్స్ అనే అమెరికా పత్రిక boke అనే ఇంగ్లిష్ స్పెల్లింగ్ చివర హెచ్ తగిలించింది. మన రాతలో దీర్ఘం ఆ హెచ్ వల్లే వచ్చిందని నా నమ్మకం. తెలుగుకి ఆ ఊతం అక్కర్లేదు, ఎత్వం ఉంది కదా.

బొకేకి ఉన్న బలమల్లా అలవాటే. కానీ విశాఖ రిసెప్షన్లలో చేతికిచ్చే పూలగుత్తి కూడా బొకేనే! షాట్ లిస్టులో 'పెళ్లికూతురు, బొకే' అని ఉంటే కొత్త అసిస్టెంటు పూల కోసం వెతుకుతాడు. బొకె అని రాసి, మొదటిసారి పక్కన 'బ్యాక్‌గ్రౌండ్ బ్లర్' అని చేర్చితే టెన్షన్ ఉండదు.

లెన్స్ కంపెనీలు పెట్టుకునే పొట్టి పేర్ల సంగతి వేరు. చేతి వణుకుని సర్దే ఏర్పాటుని కెనాన్ ఐఎస్ అంటే, నికాన్ వీఆర్ అంటుంది, టామ్రాన్ వీసీ అంటుంది. వీటిని మాత్రం మార్చకూడదు. జగదాంబ వైపు షాపులో లెన్స్ అడిగితే, డబ్బా మీద కనిపించేవి ఆ అక్షరాలే.