ఆరంగుళాల డాబ్సోనియన్: యురేనస్ దొరికిన కొలత ఇదే

డాబ్సోనియన్ అంటే నేలమీది పీటలో కూర్చోబెట్టి, చేత్తో నెట్టి తిప్పే అద్దం టెలిస్కోప్. పెట్టె మీద 150/1200 అని ఉంటే బ్రాండు ఏదైనా లోపలి సరుకు ఇంచుమించు ఒకటే. ఆరంగుళాల (150 మిల్లీమీటర్ల) అద్దం, 1200 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడేచోటికి దూరం), నేలమీద ఆనే చెక్క పీట, సాధారణంగా 25, 10 మిల్లీమీటర్ల ఐపీసులు (కన్ను ఆనించి చూసే కటకాలు) రెండు. మోటారు లేదు, ట్రైపాడ్ లేదు. గ్రహాలు చూడాలని మొదటిసారి టెలిస్కోప్ కొనేవాళ్లకు ఇంతకంటే మంచి బేరం కనబడదు. కాకపోతే పెట్టె విప్పిన రాత్రే దాని సత్తా చూసేద్దామంటే కుదరదు.

1781 మార్చి 13 రాత్రి ఇంగ్లండులోని బాత్ పట్టణంలో విలియం హెర్షెల్ తన పెరట్లోంచి యురేనస్‌ను పట్టుకున్న టెలిస్కోప్ అద్దం 6.2 అంగుళాలు. అదీ లోహపు అద్దం, మీద పడ్డ వెలుగులో సుమారు మూడో వంతు మింగేసే రకం. ఇప్పటి గాజు అద్దం మీది అల్యూమినియం పూత దాదాపు 90 శాతం తిప్పి పంపుతుంది. హెర్షెల్ ముందు దాన్ని తోకచుక్క అనుకున్నాడు గానీ, అది మామూలు నక్షత్రం కాదని తేల్చుకున్న పద్ధతి మాత్రం భలే సులువు. 227 రెట్ల నుంచి 460కి, 932కి పెంచుతూ పోయాడు. నక్షత్రాలు అలా పెరగలేదు, ఇది పెరిగింది.

ఆ పరీక్ష ఈ గొట్టంతోనూ చేయొచ్చు. 1200ని ఐపీస్ అంకెతో భాగిస్తే రెట్లు వస్తాయి: 25తో 48, 10తో 120, దానికి రెట్లను రెండింతలు చేసే బార్లో లెన్స్ తగిలిస్తే 240. నలభై ఎనిమిదిలో యురేనస్ ఉత్త చుక్క. నూట ఇరవైలో ఏదో తేడా ఉందే అనిపిస్తుంది. గాలి నిలకడగా ఉన్న రాత్రి 240లో నీలాకుపచ్చ బిళ్ల, పక్కనున్నవి చుక్కలుగానే. 2026లో అది కృత్తికలకు, అంటే మన పిల్లలకోడికి, దక్షిణపు వైపు దగ్గర్లోనే తిరుగుతోంది. ప్రకాశం 5.7 (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది) కాబట్టి నగరంలో కంటికి ఆనదు. గొట్టాన్ని గురిపెట్టడానికి ఎర్రచుక్క ఫైండర్ వచ్చిన సెట్ అయితే ఇక్కడే చిక్కు: కంటికి కనబడనిదాని మీద ఆ చుక్క పెట్టేదెలా? చిన్న దుర్బిణిలాంటి 6×30 ఫైండర్ ఉన్న సెట్ ఎంచుకోండి.

బిగింపు గంట పని. పీట పార్టికల్ బోర్డు, మరలు ఒకేసారి బలంగా తిప్పితే అంచు చీలుతుంది. అన్నీ వదులుగా పెట్టి, చివర్లో వరసగా బిగించాలి. పీట మధ్య బోల్టు దగ్గర ఎక్కువమంది తప్పు చేస్తారు. గట్టిగా బిగిస్తే గొట్టం కదలదు, కదిలితే ఎగిరి గ్రహాన్ని దాటిపోతుంది. వేలితో నెడితే జారేదాకా పావు చుట్టు చొప్పున వదులు చేయండి. ఇది చిన్న విషయంలా కనబడుతుంది గానీ 120 రెట్లలో శని చూపులో ఈ కొస నుంచి ఆ కొసకు పోయేది నిమిషంన్నర పైచిల్లరలో, 240లో అందులో సగం. నెడుతూనే ఉండాలి.

రవాణా కుదుపులకు అద్దాలు వరస తప్పే వస్తాయి. ఐపీస్ ఊడదీసి, అది కూర్చునే ఫోకసర్ మూతకు సరిగ్గా మధ్యలో రంధ్రం చేసి అక్కడ పెట్టి చూడండి. గొట్టం ముందు వైపున్న చిన్న అద్దంలో, అడుగునున్న పెద్ద అద్దం మొత్తం, దాని మూడు క్లిప్పులతో సహా కనబడాలి. లేకపోతే చిన్న అద్దం వెనకున్న మూడు మరలు తిప్పి సరిచేయాలి. తర్వాత వెనకవైపు తాళం మరలు వదులు చేసి, పెద్ద మరలతో అద్దం మధ్యనున్న గుర్తును రంధ్రానికి ఎదురుగా తేవాలి. వరస సరిచూసే చవక లేజర్లు కొనకండి, వాటిలో చాలావాటికి వాటి గీతే వంకర. చివరి తీర్పు నక్షత్రానిది: ఫోకస్ కొద్దిగా చెరిపితే వలయాలు ఒకే కేంద్రం చుట్టూ ఉండాలి.

ఇంత చేశాక కూడా గురుడు నీళ్లలో ఉడుకుతున్నట్టు కనిపిస్తే నింద గొట్టానిది కాకపోవచ్చు, డాబాది. పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటుంది. పెరట్లో మట్టి నేల ఉంటే అక్కడ పెట్టండి, లేదంటే తెల్లవారుజామున చూడండి. ఏసీ గదిలోంచి నేరుగా ఉక్కపోతలోకి తెస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. గుడ్డతో తుడిస్తే పూత గీసుకుపోతుంది, అరగంట వదిలేస్తే అదే పోతుంది. మన తెలుగు నేల అక్షాంశాల్లో గ్రహాలు చాలాసార్లు నడినెత్తికి వస్తాయి, పల్చటి గాలిలోంచి చూడటమంటే అదే. ఐరోపావాళ్లకు లేని సుఖం మనకుంది.

కనబడేవి: గురుడి రెండు పట్టీలు, నాలుగు చందమామలు, ఒక్కోసారి వాటి నీడ నల్లటి సూది మొనలా. శని వలయం, టైటాన్. శుక్రుడి కళలు. కుజుడు మాత్రం 26 నెలలకోసారి దగ్గరికొచ్చినప్పుడే మర్యాదగా కనిపిస్తాడు. నెప్ట్యూన్ దొరుకుతుంది, దొరికిందన్న తృప్తే ఎక్కువ.

సెట్‌తో వచ్చే 10 మిల్లీమీటర్ల ఐపీస్ సాధారణంగా అంతంతమాత్రం, కళ్లజోడున్నవాళ్లకు మరీ ఇబ్బంది. మిగిలిన డబ్బుతో ఎనిమిదంగుళాలకు ఎగబాకకుండా మంచి 6 మిల్లీమీటర్లది ఒకటి తీసుకోండి, 200 రెట్లు వస్తాయి. ప్రకటనల్లో చెప్పే 600 రెట్లు ఈ అద్దం మోయలేదు, 300యే హద్దు. అదే ధర పలికే 114/1000 గొట్టం అర మీటరే ఉంటే వదిలేయండి, ఫోకసర్‌లో లెన్స్ ఇరికించి పొడవు పెంచిన రకమది, వరస కుదర్చడం గగనం.

సూర్యుడి వైపు తిప్పాలంటే గొట్టం ముందు భాగాన్ని పూర్తిగా కప్పే ఫిల్టర్ ఉండాల్సిందే, ఫైండర్ మూత తీయకూడదు. బరువు మొత్తం 15-17 కిలోలు. గొట్టం చిన్న కారు వెనక సీటు మీద అడ్డంగా పడుతుంది, బైకు మీద కుదరదు.