పిల్లాడికి థెరపీయా, మనకు శిక్షణా: ఏది మేలు?

మావాడికి నాలుగేళ్లప్పుడు చేతికందింది విసిరేసేవాడు, వద్దంటే నేల మీద పడి దొర్లేవాడు. వారానికోసారి వాణ్ణి థెరపీ గదిలో వదిలి, నేను బయట బెంచీ మీద కూర్చునేదాన్ని. లోపల బుద్ధిగా ఉండేవాడు. ఇంటికొచ్చి చెప్పులు విప్పేలోపే మళ్లీ మొదలు. గొడవంతా అన్నం దగ్గర, స్నానం దగ్గర, ఫోను తీసుకునేటప్పుడు. ఆ వేళల్లో వాడి ఎదురుగా ఉండేది నేనే కదా!

అందుకే ఈ వయసు మొండితనానికి తల్లిదండ్రులకు నేర్పే పద్ధతే మేలంటాను. 4, 5 ఏళ్ల పిల్లలకు ఏడీహెచ్‌డీ (కుదురు, ఏకాగ్రత లేకపోవడం, అతి చురుకుదనం) ఉన్నా, మందుల కంటే ముందు దీన్నే మొదలుపెట్టమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది.

ఇందులోనూ రెండు దారులున్నాయి. ఒకటి 1970ల్లో సైకాలజిస్టు షీలా ఐబర్గ్ రూపొందించిన పీసీఐటీ (పేరెంట్-చైల్డ్ ఇంటరాక్షన్ థెరపీ), 2 నుంచి 7 ఏళ్ల పిల్లల కోసం. మనం పిల్లాడితో ఆడుతుంటే థెరపిస్టు అద్దం వెనక నుంచి చూస్తూ మన చెవిలోని ఇయర్‌ఫోన్‌లో ఏం చేయాలో చెబుతుంటారు. వీడియో కాల్‌లోనూ చేస్తారు, నేను అలాగే నేర్చుకున్నాను. మొదట్లో ఆట వాడిష్టం. ప్రశ్నలు వేయకూడదు, ఇది చెయ్ అది చెయ్ అనకూడదు. "ఇదేం రంగు నాన్నా?" అనబోయి ఎన్నిసార్లు నాలిక కరుచుకున్నానో! "దిమ్మెలు ఎంత నెమ్మదిగా పేరుస్తున్నావో" అనాలి. ఇంట్లో రోజూ 5 నిమిషాలు ఇదే సాధన. తర్వాతి దశలో మాట వినిపించడం: "కాస్త సర్దవా?" అని బతిమాలడం మాని, "ఈ బండి బుట్టలో పెట్టు" అని ఒక్కసారే స్పష్టంగా చెప్పడం. పెట్టగానే మెచ్చుకోవడం.

రెండోది సైకాలజిస్టు కరోలిన్ వెబ్‌స్టర్-స్ట్రాటన్ రూపొందించిన 'ఇంక్రెడిబుల్ ఇయర్స్' లాంటి గ్రూపు తరగతులు. తల్లిదండ్రులంతా కలిసి వీడియోలు చూసి, మాట్లాడుకుని, నటించి నేర్చుకుంటారు. "నా పెంపకమే ఇలా ఏడ్చిందా" అని కుమిలిపోయే తల్లికి ఇదే ఎక్కువ ఊరట. కాకపోతే మీ తప్పు ఎక్కడుందో అక్కడికక్కడే చూసి చెప్పేవాళ్లుండరు. పిల్లాడు కొట్టేదాకా వస్తే నేను మొదటిదే ఎంచుకుంటాను. మన దగ్గర అందులో శిక్షణ పొందినవాళ్లు తక్కువ. దొరక్కపోతే గ్రూపు కోసం చూస్తాను. ఏదైనా సరే, నానమ్మనూ కూర్చోబెట్టండి. నేను పట్టించుకోని ఏడుపుకి ఆవిడ చాక్లెట్ ఇస్తే అంతా మొదటికే.

మాటలు ఆలస్యమైనా, పిలిస్తే పలకకపోయినా మాత్రం ముందు పరీక్ష చేయించాలి. జిల్లాల్లోని ప్రభుత్వ డైస్ కేంద్రాల్లో (పిల్లల ఎదుగుదల లోపాలను ముందే గుర్తించి చికిత్స చేసేవి, డీఈఐసీ అనీ అంటారు) ఉచితంగా చూస్తారు. మీకే ఓపిక నశించిన రాత్రి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు.