హే-ఆన్-వైలో కత్తిరించిన పూలు

పాత పుస్తకాల కొట్లకు పేరుపడ్డ వేల్స్ ఊరు హే-ఆన్-వైకి పూల పుస్తకాల కోసం వెళ్లేవారు, పుస్తకంలోని బొమ్మలను కొట్టులోనే లెక్కపెట్టుకోండి. నేను ఆ పని చేయక 240 పౌండ్లు పోగొట్టుకున్నాను.

లండన్ నుంచి హెర్‌ఫర్డ్‌కు రైలు, అక్కడి నుంచి గంట బస్సు. ప్రయాణం సుఖంగానే సాగింది. బస రాత్రికి 92 పౌండ్లు, గది శుభ్రంగా ఉంది. మెట్లు నిటారుగా ఉండడంతో అత్తయ్య మోకాళ్లు మాత్రం పట్టేశాయి.

నేను వెతికింది కర్టిస్ బొటానికల్ మ్యాగజైన్ ఐదో సంపుటం. 1787లో లండన్‌లో మొదలైన ఈ మొక్కల పత్రికలోని చిత్రాలకు నూట అరవై ఏళ్లపాటు చేత్తోనే రంగులు వేయించారు. ఐదో సంపుటంలో 145 నుంచి 180 దాకా 36 చిత్రాలుండాలి. కాల్మియా పొద మీద మోజుతో నాకు అదే కావాలనిపించింది. మొదటి కొట్టులోనే దొరికింది. "అన్నీ ఉన్నాయి" అన్నాడు యజమాని. మావారు గడియారం చూసుకుంటున్నారు. డబ్బిచ్చేశాను.

రాత్రి గదిలో దీపం కింద లెక్కపెడితే 33 తేలాయి. 175వ చిత్రం ఉండాల్సిన చోట, కుట్టు దగ్గర బ్లేడుతో కోసిన సన్నటి కాగితం పీలిక మిగిలింది. ఎదుటి పేజీ మీద కాల్మియా గుత్తి నీడ లేత గోధుమరంగులో దిగి ఉంది. రెండు శతాబ్దాలు ఆ పేజీకి ఆనుకుని ఉన్న పువ్వు అది. ఎవరో దాన్ని చట్రంలో బిగించి గోడకు తగిలించుకుని ఉంటారు.

పొద్దున్నే వెళ్లి అడిగితే, "చూసుకునే కదా కొన్నారు" అని ముఖం తిప్పుకున్నాడు. రసీదులో 'పాత పుస్తకం' అని మాత్రమే ఉంది. '36 చిత్రాలు, సంపూర్ణం' అని రాయించుకోనిదే పైసా ఇవ్వకండి. భూతద్దం కూడా తీసుకెళ్లండి. చేత్తో వేసిన రంగు అక్కడక్కడా గీత దాటుతుంది, యంత్రంతో అచ్చువేసిన రంగులో సన్నటి చుక్కలు కనిపిస్తాయి.

మావారు రోజంతా ముభావంగా ఉన్నారు. అత్తయ్యే నన్ను ఇంకో కొట్టుకు లాక్కెళ్లారు. అక్కడి పెద్దావిడ అడగకుండానే కిటికీ దగ్గర బల్ల మీద విడి చిత్రాలు పరిచింది. వాటిలో రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రవేత్త రాసిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం నుంచి మోదుగ ఉంది! 1795లో లండన్‌లో వెలువడడం మొదలైన ఆ గ్రంథానికి మూలమైన బొమ్మలను మన దేశపు చిత్రకారులే వేశారు. వారి పేర్లు మాత్రం పుస్తకంలో లేవు. రాక్స్‌బర్గ్ అంతకుముందు సామర్లకోటలో మొక్కలు పెంచేవాడని చెప్పగానే అత్తయ్య కళ్లద్దాలు సరిచేసుకున్నారు. ఆవిడ పుట్టిల్లు అక్కడే.

"అమ్మాయీ, తొడిమ మీద ఆ నల్లటి నూగు చూడు. మన మోదుగే" అన్నారు.

ధర 310 పౌండ్లు. పొద్దున ఆ 240 తిరిగి వచ్చి ఉంటే, మరో 70 వేసి దాన్నే తెచ్చుకునేదాన్ని.