కేబినెట్ డిజైన్ సాఫ్ట్‌వేర్ కొనేముందు 'సేవ్' కొడితే ఎక్కడ సేవ్ అవుతుందో చూస్కోండి

పేరు చెప్పను గానీ, కిచెన్, వార్డ్‌రోబ్ గీసి నేరుగా కట్ లిస్ట్ (ఏ ముక్క ఏ కొలతకి కొయ్యాలో చెప్పే పట్టీ) తీసే సాఫ్ట్‌వేర్ ఏదైనా కొనే ఆలోచనలో ఉంటే డబ్బులు కట్టేముందు ఇది చదవండి. ఏడాది లైసెన్స్ తీసుకున్న రెండు నెలలకే నాకు తగిలిన దెబ్బ ఇది.

డెమోలో చూపించేది ఒకటే, డ్రాయర్‌ని ఒక్కచోట మార్చండి సార్ అన్నిచోట్లా మారిపోతుంది అని. అబ్బో అనుకున్నా. అన్నిచోట్లా అంటే ఎక్కడెక్కడ అని అడగాలన్న బుద్ధి అప్పుడు పుట్టలేదు.

నేను ఎప్పుడూ వాడేది అండర్‌మౌంట్ ఛానెల్, అంటే డ్రాయర్ అడుగున బిగించి దాన్ని ముందుకీ వెనక్కీ జరిపే పట్టాలు. 600 ఎంఎం వెడల్పు కేబినెట్‌కి 18 ఎంఎం ప్లై రెండు పక్కలా పోతే లోపల 564, నా ఛానెల్‌కి అందులో 10 తీసేస్తే డ్రాయర్ బాక్స్ 554. ఒక కస్టమర్ మాత్రం పక్కలకి బిగించే బాల్ బేరింగ్ ఛానెలే కావాలన్నారు, దానికి ఒక్కో వైపు 12.7 ఖాళీ ఉండాలి కాబట్టి మొత్తం 26 తీసేసి 538 చేసి సేవ్ కొట్టా. చిన్న విండో ఒకటి వచ్చింది, ఈ ఒక్క డ్రాయర్‌కా, ఈ జాబ్ మొత్తానికా, లైబ్రరీకా (అన్ని జాబ్‌లకీ డ్రాయర్ నమూనాలు వచ్చే చోటు) అని. ముందే టిక్ పడి ఉన్నది లైబ్రరీకి! పని హడావిడిలో ఉన్నోడు ఎంటర్ కొట్టేస్తాడు కదా, నేనూ కొట్టేశా.

తర్వాతి జాబ్ మళ్లీ అండర్‌మౌంటే. స్క్రీన్ మీద డ్రాయింగ్ చూస్తే 16 ఎంఎం తేడా ఎవడికి కనబడుతుంది, కట్ లిస్ట్ కటింగ్‌కి పంపించేశా. 22 డ్రాయర్లు. బిగించేటప్పుడు మా కార్పెంటర్ పిలిచి అన్నా ఇది ఛానెల్ మీద కూర్చోవట్లేదు, క్లిప్ పడట్లేదు అన్నాడు. టేప్ పెట్టి చూస్తే 538. పెద్దగా వచ్చుంటే కోసి సరిచేసేవాళ్లం, చిన్నగా వచ్చాయి. ముందు ముక్కలు, వెనక ముక్కలు, అడుగు ప్లై అన్నీ వేస్ట్.

ఇంతకన్నా ఘోరం ఇంకోటుంది. ఎప్పుడో డెలివరీ ఇచ్చేసిన పాత జాబ్‌ని ఒక షెల్ఫ్ అదనంగా కావాలంటే ఓపెన్ చేశా, అందులో డ్రాయర్లు కూడా చడీచప్పుడు లేకుండా 538 అయి కూర్చున్నాయి! అంటే జాబ్ ఫైల్‌లో దాని సొంత కాపీ ఉండదు, తెరిచిన ప్రతిసారీ లైబ్రరీ నుంచే లాక్కుంటుంది. సపోర్ట్‌వాళ్లని అడిగితే అది మా ఫీచర్ సార్ అన్నారు. రీఫండ్ అడిగితే కీ యాక్టివేట్ అయ్యాక ఇవ్వం అన్నారు.

అన్నీ ఇలాగే ఉంటాయనుకుంటే నోరు మూసుకునేవాణ్ణి. వేరే డిజైన్ సాఫ్ట్‌వేర్లు చూడండి. ఆటోక్యాడ్‌లో ఒక డ్రాయింగ్‌లో బ్లాక్ (మళ్లీ మళ్లీ వాడుకునే బొమ్మ) మారిస్తే ఆ డ్రాయింగ్‌లోనే మారుతుంది, వేరే ఫైళ్లలో చొప్పించిన బ్లాకుల జోలికి పోదు. స్కెచప్‌లో ఒకే వస్తువు కాపీల్లో ఒక్కదాన్నే మార్చుకోవాలంటే మేక్ యూనిక్ కొట్టి విడదీసుకోవచ్చు. రెవిట్‌లో మార్చిన ఫ్యామిలీని (అక్కడ నమూనాని అలా అంటారు) ప్రాజెక్ట్‌లోకి లోడ్ చేస్తే, పాతదాని మీద రాసేయాలా, కొలతల విలువలతో సహా రాసేయాలా అని ఆగి అడుగుతుంది (అక్కడా కంగారుగా రెండోది నొక్కితే ప్రాజెక్ట్‌లో మీరు పెట్టుకున్న కొలతలు గోవిందా, అది వేరే కథ). ఏదేమైనా అడగడం అడుగుతుంది.

కాబట్టి ట్రయల్‌లో ఉండగానే రెండు జాబ్‌లు తెరిచి ఒకే డ్రాయర్ రెండింట్లోనూ పెట్టండి, మొదటిదాంట్లో కొలత మార్చి సేవ్ చేసి రెండోది మూసి మళ్లీ తెరవండి. అది కూడా మారిపోతే, మారేముందు అడిగిందా లేదా, వెనక్కి తెచ్చుకునే దారి ఉందా చూడండి. నాకైతే లేదు, సేవ్ అయ్యాక అన్‌డూ కూడా పనిచేయలేదు. లైబ్రరీ ఫోల్డర్ ఎక్కడుంటుందో కూడా ముందే అడిగి పెట్టుకోండి, మెనూలో ఎక్కడా కనబడదు, నాకు మూడుసార్లు ఫోన్ చేస్తే చెప్పారు. ఇప్పుడు రోజూ సాయంత్రం ఆ ఫోల్డర్‌ని తేదీ వేసి కాపీ తీసి పెట్టుకుంటున్నా, లైసెన్స్ అయిపోయేదాకా ఈ గోల తప్పదు.